ఒడి లేని గౌను

పొద్దున పొయ్యి మీద చాయ మరిగే యాళ్లకు రుచిత స్నానం చేసి అర్రలకు పోయేది. తలుపు బయట సంజయ్ కప్పు పట్టుకొని నిలబడేటోడు. నిలబడేది చాయ తాగుదామని కాదు, లోపలి చప్పుడు విందామని. చీర కుచ్చిళ్ల చప్పుడు వేరు, పట్టు గౌను చప్పుడు వేరు, ఇనుప చువ్వల చప్పుడు వేరు. విని విని, తలుపు తెరవకముందే ఇయాల ఏం వచ్చిందో చెప్పేటంత అయిండు పాపం.

సంగతేందంటే, రుచితకు మూడో నెల పడ్డప్పటి సంది ఏ చీర కట్టినా, ఏ నైటీ తొడుక్కున్నా, అది ఒంటి మీదికి రాంగనే యూరప్ దిక్కు బట్ట అయిపోయేది. రాత్రి నిద్ర పట్టినంకనే మళ్ల మామూలు చీర, పగలు పండుకున్నా మారకపోయేది. దంతాలపల్లిల దీన్ని ఎవ్వలు వింతగ చూడలే. కడుపుతోని ఉన్నోళ్లల్ల ఒకామెకు చింతకాయ మీద మనసు పోతది, ఒకామెకు బలపాల మీద పోతది. జగన్మోహన్ సారు కోడలికి గిట్లైంది, అంతే. పక్కింటి సత్తమ్మ అయితే చేనుకు పోవుకుంట గేటు కాడ ఆగి, "ఇయాల రంగు మంచిగున్నది బిడ్డా, నిన్నటిది జర ముసలిగుండె" అని చెప్పి పోయేది.

మొదట్ల సంజయ్ సుత నవ్విండు. ఎందుకు నవ్వడు? మూడో నెలల వచ్చినయి కుట్టు లేని తెల్ల బట్టలు. ఒక్క భుజం మీద గుండీ పెట్టి జార విడిచేటివి. పాత కాలం గ్రీకుల, రోమోళ్ల కట్టు. చీరకు దానికి పెద్ద తేడానే లేకుండె. నాలుగో నెలల పొడుగు చేతుల ఉన్ని గౌన్లు వచ్చినయి. ఆ చేతులు నేల మీద ఈడ్చుకుంట పోయి జొన్నపిండి గిన్నెల మునిగేటివి. వాటితోని శంకు లెక్క ఒక పొడుగు టోపీ. అది తగిలి అర్రల ఫ్యాను రెక్క వంగింది. అయిదో నెలల మెడ చుట్టూ గంజి పెట్టిన కుచ్చుల పళ్లెం మొలిచింది. కింద అన్నం కంచం కనపడకపోయేది. జగన్మోహన్ సారు కమ్మరి దగ్గరికి పోయి కోడలి కోసం పొడుగు కాడ చెంచా చేయించుకొచ్చిండు. ఆరో నెలల గౌను రెండు దిక్కుల మంచమంత వెడల్పైంది. షేర్ ఆటోల ఆమె ఒక్కతే పట్టేది. మిగతోళ్లు ఏమనకుండ దిగి వెనకొచ్చే ఆటో ఎక్కేటోళ్లు.

రుచితకేమో అంతా సంబురమే. పొద్దుగాలే భూపాలపల్లిల ఉన్న అక్క అలేఖ్యకు వీడియో కాల్ చేసేది. "అక్కా, ఇయాల చూడు, చేతుల కాడ ఎంత మంచి లేసు!" అని గిర్రున తిరిగి చూపెట్టేది. తిరిగినప్పుడల్లా స్టూలో, చెంబో కింద పడేది.

సంజయ్ తీరు వేరు. ఆయనకు ఊళ్లె ఎరువులు, విత్తనాల దుకాణం ఉన్నది. పురుగుమందు డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాలతోని రాసిన జాగ్రత్తలు అన్నీ తను చదివినంకనే రైతు చేతుల పెట్టేటోడు. బుగులు పుట్టుకతోనే వచ్చిన మనిషి. అసుంటోడు పెండ్లాం ఒంటి మీద బట్ట మారుతుంటే ఊకుంటడా? దుకాణంల కూసొని ఫోనుల వెతికిండు. ఒక బొమ్మ కాడ చెయ్యి ఆగింది. నిన్నటి గౌనే. అక్కడి రాణి ఎవరో తొడుక్కున్నది. దాని తర్వాతి బొమ్మ చూసిండు. తెల్లారి రుచిత అదే వేసుకొని అర్రలకెల్లి బయటికొచ్చింది.

వరుస పెట్టి వస్తున్నయని అప్పుడు అర్థమైంది. ఎనకటి కాలం నుంచి ఇటు దిక్కుకు ఒక్కొక్క మెట్టు దిగుకుంట వస్తున్నయి. ఇంకేంది, సంజయ్ ఫోనుల బొమ్మలను వేలితోని ముందుకు జరిపిండు. జరిపినోడు మంచిగుండునా? ఆ రోజు నుంచి అన్నం సయించలే.

ఆ లెక్కన ఏడో నెలల ఏం భయం లేదు. పల్చటి తెల్ల గౌన్లు, నడుం అంటనే అంటవు. ఆ తర్వాతనే ఉన్నది అసలు కథ. మొదలు ఇనుప తీగల పంజరం మీద గౌను. ఆ తర్వాత నడుం సన్నగ కనపడాలని ఉక్కు బద్దలు పెట్టి కుట్టిన బిగుతు జాకిట్. వెనకకు తాళ్లు, ముందట కొక్కాలు. అవి తొడుక్కున్న ఆడోళ్లు ఊపిరాడక కూసున్నకాడనే ఒరిగిపోయేటోళ్లని రాసి ఉన్నది. ఆ కాలం దాటినంక మళ్ల వదులు గౌన్లు వస్తయి, నడుం విడిచిపెడ్తయి. గని నెలలు లెక్కేసుకుంటే కాన్పు ఈడనే పడ్తది, ఉక్కు బద్దల నడుమ. వదులు గౌన్లు వచ్చేది బిడ్డ పుట్టినంక.

"బాపు, ఇది ఇంకింత బిగుస్తది" అని తండ్రికి చెప్పిండు.

జగన్మోహన్ సారు పేపరు మడిచిండు. "ఏం గాదురా. నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ అమ్మ నాట్ల కాడ పొద్దుందాక నిలబడ్డది."

"అమ్మ చీర కట్టుకొని నిలబడ్డది బాపు. ఇనుము కట్టుకొని కాదు."

"ఆ ఫోను పక్కన పెట్టు జర. అదే నిన్ను తింటున్నది."

ఏడో నెల మొత్తం ఇంట్ల అందరికీ పండుగనే. తెల్ల గౌన్ల రుచిత వాకిట్ల తిరుగుతుంటే కడుపు నిండు కుండ లెక్క కనపడేది. లోపల బిడ్డ తంతుంటే సంజయ్ చెయ్యి తీసుకొని పెట్టుకునేది. "చూడు బావా, వీడు ఫుట్‌బాల్ ఆడుతున్నడు." సంజయ్ నవ్వేటోడు, నవ్వుకుంటనే ఎనిమిదో నెలకు ఇంకెన్ని దినాలున్నయో లెక్కేసేటోడు. రుచిత ఆయనకు మేనత్త బిడ్డ. చిన్నప్పటి సంది బావా అని పిలిచి, చెయ్యి గుంజి ఆడిన పిల్ల. ఆ పిల్లకు ఏమన్న అయితే అనే మాట కాడికి వచ్చి మనసు ఆగిపోయేది, ముందుకు నడవకపోయేది.

ఎనిమిదో నెల ఒకటో వారంల తలుపు లోపల ఇనుప తీగలు గలగలమన్నయి. పంజరం వచ్చింది. దాంతోని ఇల్లంతా తుడిచిపెట్టుకుపోయేది గని, నొప్పి లేకుండె. ఆ నెల చివర్ల పంజరం పోయింది. ముందటి బట్టంతా వెనకకు పోయి గుట్ట అయింది. నడుం బిగిసింది.

సంజయ్ కత్తెరతోని తాడు కోసిండు. గౌను కాస్త రెండు ముక్కలైన పెండ్లి చీరై కింద పడ్డది. రుచిత ఏడ్చింది. ఇంకో చీర కట్టింది, మళ్ల అదే గౌను, మళ్ల అదే తాడు. దుకాణం నుంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఉక్కు బద్దలు కొరికిండు. ఒకటి తెగితే దాని పక్కన ఇంకోటి మొలిచింది. దుప్పటి కప్పినా ఇదే తీరు. తొర్రూరుల డాక్టరమ్మ చూసి, "బిడ్డ పెరగాల్సినంత పెరుగుత లేదు. వదులు బట్టలు వెయ్యమ్మా" అని చెప్పి ఇంకొకరిని లోపలికి పిలిచింది. వదులు బట్టలే వేస్తున్నం తల్లీ, అవి వదులుగ ఉండాలె గదా!

తొమ్మిదో నెల పడ్డది. తొలి కాన్పు తల్లిగారింట్ల. ఒడి నింపి ఇంట్లకు తీసుకునుడు రివాజు. కొడకండ్ల నుంచి రుచిత తల్లి రాజమణి రోజూ ఫోను. "ఆదివారం పొద్దున మంచిగున్నది అల్లుడూ. ఒడిబియ్యం పోసుకుంటం. బియ్యం, ఎండు కొబ్బరి కుడకలు, కర్జూరాలు అన్నీ తెచ్చి పెట్టిన. అలేఖ్య సుత భూపాలపల్లి నుంచి వస్తున్నది. మీరు వస్తే చాలు."

ఆదివారం తెల్లారింది. సంజయ్ తలుపు కాడ కప్పు పట్టుకొని నిలబడ్డడు. లోపల పట్టు చప్పుడు లేదు, లేసు చప్పుడు లేదు. టిక్, టిక్ అని ఒక్కొక్క కొక్కెం పడుతున్నది, కింది నుంచి మీదికి. ఆఖరి కొక్కెం పడ్డంక చానా సేపు ఏమీ వినపడలే.

రుచిత బయటికొచ్చింది. వంకాయ రంగు పట్టు. నడుం సగమైంది. కడుపు మీది భాగం పలక లెక్క సదునై కిందికి జారింది. మొఖం మీద నవ్వు లేదు. గోడ పట్టుకొని సంజయ్ చెవుల చెప్పింది. "బావా, రాత్రి సంది లోపల కదుల్త లేదు. అమ్మకు మాత్రం చెప్పకు."

చేతుల కప్పు కింద పడ్డది. సంజయ్ కారు తీసిండు, ఆమెను వెనక సీట్ల పక్కకు తిప్పి కూసోబెట్టిండు, తొర్రూరు దిక్కు పోనిచ్చిండు. దారి పొంటి అద్దంల ఆమెనే చూసుడు. కూరగాయల బండిని తాకబోయి తప్పిండు.

తొర్రూరు దవాఖానల డాక్టరమ్మ చెవి పెట్టి విన్నది. "గుండె కొట్టుకుంటున్నది, గని మెల్లగ. జనగామ పెద్ద దవాఖానకు పోండి. దాని కంటే ముందుగాల ఇది ఇప్పండి." ఇద్దరు సిస్టర్లు కొక్కాలు తీసిన కొద్ది మళ్ల పడ్డయి. చెమటలు పట్టి వాళ్లే పక్కకు జరిగిన్రు.

"జనగామనే పోదాం. సీదా" అన్నడు సంజయ్.

"కొడకండ్ల మీదికెల్లి పో బావా."

"పిచ్చి లేసిందా నీకు?"

"అమ్మ చెయ్యి పడకుండ నేను పోను. అయిదు నిమిషాలు." మాటకు మాటకు నడుమ ఊపిరి అందుకుంటున్నది. గట్టిగ కొట్లాడితే ఆ ఊపిరి సుత పోతదని సంజయ్ కారు కొడకండ్ల దిక్కు తిప్పిండు.

రాజమణి ఇంటి ముందట ముగ్గు, గడపకు పసుపు, పందిరి కింద వాడకట్టు ముత్తయిదువలు. సంజయ్ కారు బంద్ చెయ్యలే. ఇంజన్ నడుస్తుండంగనే రుచితను పట్టుకొని లోపలికి తెచ్చి పీట మీద కూసోబెట్టిండు. "అత్తమ్మా, జల్ది కానియ్యి. జనగామ దవాఖానకు పోవాలె."

"ఏమైంది?" అన్నది రాజమణి.

"ఏం గాలేదు. జల్ది బియ్యం పొయ్యి."

రాజమణి పసుపు బియ్యం దోసిట్లకు తీసుకొని వంగింది. వంగి అట్లనే ఆగిపోయింది. "ఒడి ఏది బిడ్డా?"

ఒడి లేదు. చీరకైతే కొంగు ఉంటది, ముందట పట్టుకుంటే ఒడైతది. ఈ గౌనుకు ముందట తప్పెట లెక్క బిగుతు, బట్టంతా వెనక గుట్ట. అందరూ మూగిన్రు. ఒకామె లేసు ముట్టి చూసి మస్తుగున్నదన్నది. ఒకామె వెనక ఉన్న కుచ్చులు ముందటికి గుంజి చూసింది, రాలే.

"దీనికింత ఆలోచన ఎందుకు?" అన్నది అలేఖ్య. "అమ్మ పెట్టే కొత్త చీర ఉన్నది గదా. మీదికెల్లి చుట్టుర్రి. దాని కొంగుల పోద్దాం."

"వద్దు వదినా!" అని సంజయ్ అరిచేలోపే చుట్టేసిన్రు. ఎట్లైనా తల్లిగారు పెట్టిన చీర కట్టకుండ ఒడి నింపరు గదా, వాళ్లకు అదే తెలుసు. ఎర్ర అంచు పట్టుచీర ఒంటికి తాకంగనే వంకాయ రంగుల కలిసింది. వెనక గుట్ట ఇంకింత పెరిగింది. తాళ్లు కర్రుమని ఒక బెత్తెడు లోపలికి గుంజుకున్నయి. రుచిత నోరు తెరిచింది, మాట రాలే. పెదవులు సున్నం పూసినట్టయినయి.

"అయ్యో, తువ్వాల కట్టుర్రి" అని ఇంకొకామె తువ్వాల అందుకున్నది.

సంజయ్ ఆ తువ్వాల గుంజి అవతల పడేసిండు. "ఏం కట్టకుర్రి! మీకు దండం పెడ్త, ఏం కట్టకుర్రి! రాత్రి సంది లోపల పిల్ల కదుల్త లేదు. ఈమెకు ఊపిరాడ్త లేదు. మీరు లేసు చూస్తున్నరు! నెలల సంది మొత్తుకుంటున్న, ఒక్కలన్న విన్నరా? అందరూ ఏం గాదు, ఏం గాదు..." ముత్తయిదువల నడుమ అల్లుడు గట్ల అరుసుడు ఆ ఇంట్ల ఎన్నడు లేదు.

రాజమణి బిడ్డ మొఖం చూసింది. "నిజమా?"

రుచిత తల ఊపింది. కండ్లల్ల నీళ్లు జారినయి. సంజయ్ ఆమె చంకల కింద చెయ్యేసి లేపబోయిండు. ఆమె లేవలే. రెండు చేతులతోని పీట పట్టుకున్నది.

"పొయ్యి అమ్మా" అన్నది.

"ఎందుల పొయ్యాలె బిడ్డా?"

"నువ్వు పొయ్యి."

రాజమణి పోసింది. పసుపు బియ్యం పట్టు మీద సర్రున జారి నేల మీద పడ్డయి. ఆడోళ్లంతా హమ్మో అన్నరు. ఒడిబియ్యం నేల పాలైతే ఎవరికైనా పానం ఝల్లుమంటది. రెండోసారి పోసింది. మళ్ల జారినయి. అలేఖ్య తల్లి రెక్క పట్టుకున్నది. "వద్దే అమ్మా, అపశకునం. ముందుగాల దవాఖానకు పోనీ."

"అత్తమ్మా, ఆపు" అన్నడు సంజయ్. "ఈ బట్టకు ఒడి లేదు. నేను అన్నీ చూసిన. ఎనకటి గౌన్లకు లేదు, ఇంక వచ్చేటివాటికి లేదు. వాళ్ల రాణులకెవ్వలకు లేదు."

రాజమణి రెక్క విడిపించుకున్నది. ఏడుస్తున్నది, గని చేతులు బియ్యం గంపల ముంచుతనే ఉన్నది. "రాణులకు లేకపోతే లేకపాయె. ఒడి లేని ఆడది ఏ దేశంల ఉంటది అల్లుడూ? వాళ్లు సుత గింజలు ఏరలేదా? పిల్లలను పండుకోబెట్టలేదా? ఎక్కడన్న ఉంటది. ఉండాలె." అని మూడో దోసిలి పోసింది.

బియ్యం జారినయి. సగం జారి, ఆగినయి.

మోకాళ్ల కాడ ఏదో గరుకు బట్ట వాటిని పట్టుకున్నది. అది మెల్లగ మీదికి పాకింది. వంకాయ రంగు ఎలిసిపోయింది. వెనక గుట్ట చప్పున కూలింది. కొక్కాలు ఒక్కటొక్కటే విడిచినయి, పై నుంచి కిందికి. తాళ్లు ఉండాల్సిన కాడ నూలు నాడ ఒకటి వదులుగ ముడి పడ్డది. ఒంటి మీద నార బట్ట అంగీ, భుజాల మీద ఎర్ర దారంతోని కుట్టిన పూలు. అచ్చం మన తండాలల్ల రైకల మీద పని తీరే ఉన్నది. ఆ అంగీ ముందట, నడుం నుంచి మోకాళ్ల దాక, వెడల్పాటి ముతక బట్ట. గిన్నెలు తుడిచేది, గుడ్లు ఏరుకొచ్చేది, చేతులు తుడుచుకునేది. దాంట్ల పసుపు బియ్యం కుదురుకున్నయి.

రుచిత ఊపిరి తీసుకున్నది. ఎంత పెద్ద ఊపిరంటే పందిరి బయట నిలబడ్డ మొగోళ్లకు సుత వినపడ్డది. ఆ ఊపిరితోనే కడుపు ముందటికి వచ్చింది, గుండ్రంగ, పాత తీరుగ.

సంజయ్‌కు ఆ బట్ట గుర్తొచ్చింది. ఫోనుల ఎన్నోసార్లు చూసిండు. ఆలుగడ్డలు తవ్వేటోళ్లు, బర్లు పిండేటోళ్లు, చంకల పిల్లతోని గడ్డి మోసేటోళ్లు. రొమేనియానో, హంగేరీనో, ఏవో ఊర్లు. వాటి కింద ఏ కాలమో సుత రాసి లేకుండె. తరతరాలు గదే బట్ట. రాణుల వరుస నడుమ అడ్డమొస్తున్నయని వేలితోని పక్కకు తోసిండు, తోసిన ప్రతిసారి.

రాజమణి కొంగుతోని కండ్లు తుడుచుకొని నాలుగో దోసిలి పోసింది. అలేఖ్య వచ్చి పోసింది. తర్వాత వాడకట్టోళ్లు ఒక్కొక్కలే వంగి పోసిన్రు. కుడకలు పెట్టిన్రు, కర్జూరాలు పెట్టిన్రు, పసుపు కొమ్ములు పెట్టిన్రు. ఒడిల బియ్యం చిన్న రాశైంది. బయట కారు ఇంజన్ నడుస్తనే ఉన్నది.

"ఇగ పోదాం" అన్నడు సంజయ్. బట్ట వదులైంది నిజమే గని, లోపలి సంగతి ఎవరికి ఎరుక? "లే రుచితా. జనగామ పోదాం, డాక్టరు చూడాలె."

"ఆగు బావా."

"ఇంకేం ఆగుడు?"

"చెప్తున్న గదా, ఆగు." ఆమె రెండు చేతులు పక్కకు తీసింది. ఒడి దిక్కు చూస్తున్నది. కడుపుకు ఆనుకొని ఉన్న బియ్యం దిక్కే చూస్తున్నది.

అందరూ అటే చూసిన్రు. రాశి అంచున నాలుగు గింజలు జారినయి. కూసున్న మనిషి ఊపిరికి సుత గింజలు జారుతయి, అది బిడ్డ కదిలిందే అని సంజయ్ నమ్మలే. మోకాళ్ల మీద కూలబడి మొఖం దగ్గరికి పెట్టి చూసిండు. ఏం లేదు. ఇంకా ఏం లేదు. రాజమణి ఆఖరి దోసిలి పట్టుకొని పొయ్యకుండ అట్లనే నిలబడ్డది.

అప్పుడు రాశి నడుమ నుంచి ఎగిరింది. లోపలి నుంచి ఎవరో కాలితోని తన్నినట్టే పసుపు బియ్యం చిటపట చెల్లాచెదరైనయి, సంజయ్ మొఖం మీద పడ్డయి, మీద ఉన్న కుడక దొర్లి నేల మీదికి పోయింది. "అమ్మా!" అన్నది రుచిత, నొప్పితోని, నవ్వుకుంట.

సంజయ్ ఆడోళ్లందరి ముందట, నేల మీద, చిన్న పిల్లగాని లెక్క బోరున ఏడ్చిండు. దొర్లిన కుడకను ఎవ్వలు తియ్యలే. పందిరి కింద ఉన్నోళ్లంతా మళ్ల ఎప్పుడు తంతదా అని, ఆ ఒడిల బియ్యం దిక్కే చూసుకుంట కూసున్నరు.